డాక్టరుగారికి అమ్మని బంపర్

"మీకిది వద్దు," అన్నాడు ఫిట్టర్.

అని, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అదేదో జబ్బు పేరు చెప్పి, మందు మాత్రం చెప్పనన్నట్టు.

డాక్టరుకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఆమె పశువుల డాక్టరు. వారంలో ఐదు రోజులు కొండదారుల్లో జీపు నడిపే మనిషి. ఈ ఆఫ్‌రోడ్ బంపర్ గురించి నెలరోజులుగా చదివింది, చూసింది, వీళ్ళనీ వాళ్ళనీ అడిగింది. మామూలు బంపర్‌కి నాలుగింతలు ఖరీదు. అయినా సరేననుకుని వచ్చింది. అది వర్క్‌షాపు గోడకి ఆనుకుని, ఎద్దు నుదురంత ధీమాగా, నల్లగా ఎదురుగానే ఉంది.

"స్టాకు లేదా?"

"కనపడుతోందిగా."

"నా జీపుకి పట్టదా?"

"పడుతుంది."

"మరి?"

"దండగ. అంత ఖర్చు మీకెందుకు?"

సరిగ్గా అప్పుడే ఒక నల్లకళ్ళద్దాల ఆసామి కారు దిగాడు. ఆ కారు పుట్టి బుద్ధెరిగాక బురద చూసినట్టు లేదు.

"బాసూ, ఆ బంపర్ ఎంత?"

ఫిట్టర్ ధర చెప్పాడు. ఆసామి సరేనన్నాడు.

"రేపు సాయంత్రానికి బిగించేస్తాను సార్."

దండగ అనలేదు. ఎందుకనీ అడగలేదు. ఆమె కళ్ళముందే!

"ఆయనకి దండగ కాదా?" అంది డాక్టరు, ఆసామి అటు వెళ్ళగానే.

"ఆయన కస్టమరండీ."

"మరి నేనెవర్ని? మీ ఆడపడుచునా?"

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపేసింది. "నాకు జీపు నడపడం రాదనా? డబ్బులివ్వలేననా? లేక ఆడవాళ్ళకి షోకులెందుకనా? ఏదో ఒకటి తేల్చండి, నేను పోవాలి."

అతను తేల్చలేదు. బండ్ల అడుగు చూసే రిపేరు గోతిలోకి దిగిపోయాడు. కోపంగా మాట్లాడుతున్న మనిషిని వదిలేసి నేలలోకి దిగిపోయే సౌకర్యం ఎంతమందికి ఉంటుంది!

ఆ సాయంత్రం ఆస్పత్రిలో సిరంజిలు సర్దుతూ ఆమె తన కోపాన్ని పరీక్షించుకుంది. ఆమెకి అవమానాలు కొత్త కాదు. "డాక్టరెవరూ రాలేదా?" అని ఆమెనే అడిగినవాళ్ళున్నారు. అలాంటి కోపాలు చేతి తొడుగులతోపాటే ఊడొచ్చేవి. ఇది రావడం లేదు. పైగా ఇంకో వింత. ఈ కోపం ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తోంది. ఎవరికి చెబితే బాగుంటుందని వెతుక్కుంటే, మనసు వెళ్ళి ఆ ఫిట్టర్ దగ్గరే ఆగింది. ఎవరి మీద కోపమో వాళ్ళకే చెప్పుకోవాలనిపించడం ఏ రకం కోపమో ఆమె చదువుకున్న పుస్తకాల్లో లేదు. అందుకని ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. కౌంటర్లో ఫిట్టర్ వాళ్ళమ్మ స్వెటర్ అల్లుతోంది.

"ఏం కావాలమ్మాయ్?"

"న్యాయం కావాలి పిన్నిగారూ," అంది డాక్టరు. "ఎవరికి పడితే వాళ్ళకి అమ్మే బంపర్ నాకొక్కదానికే అమ్మనంటున్నాడు మీవాడు."

పెద్దావిడ సూదులు ఆగిపోయాయి. "వద్దన్నాడా? నువ్వు అడక్కుండానే?"

"నేనడిగింది బంపర్. సలహా కాదు."

"అయ్యో రాత," అని పెద్దావిడ కళ్ళజోడు తీసి ఆమెని కొత్తగా చూసింది. "మా ఆయన ఉన్నప్పట్నుంచీ మా షాపులో ఒక పద్ధతుందమ్మా. కస్టమర్ ఏదడిగితే అది గట్టిగా బిగించి పంపాలి. మంచిదా చెడ్డదా అని వాళ్ళడిగితేనే చెప్పాలి. అడక్కుండా వద్దని చెప్పేది ఇంట్లోవాళ్ళకే. మా తమ్ముడికి చెప్పాడు, అలిగాడు. అల్లుడికి చెప్పాడు, వాడూ అలిగాడు. నువ్వు మూడోదానివి."

డాక్టరు తల తిప్పి వర్క్‌షాపు లోపలికి చూసింది.

"నీకెందుకు చెప్పాడో నాకూ తెలీదు సుమా," అంది పెద్దావిడ, అంతా తెలిసిన మొహంతో. "గోతిలో ఉన్నాడు. వెళ్ళి అడుగు."

ఆమె గోతి అంచున నిలబడింది. "పైకి రండి."

"ఆయిలు కారుతోందండీ."

"కారనివ్వండి. నేనెప్పట్నుంచి మీ ఇంట్లోమనిషినయ్యాను? నన్నో మాట అడిగారా?"

కింద రెంచీ జారి పడింది.

"అమ్మ చెప్పేసిందా?"

"చెప్పకపోతే మీరు చెప్పేవారా? అసలు ఆ బంపర్ నాకెందుకో అడిగారా? షోకనుకున్నారా? పోయిన నెల కొండ మీద ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోనొచ్చింది. వాగు దాటుతుంటే రాయి కొట్టుకుని రేడియేటర్ పగిలింది. నడుచుకుంటూ వెళ్ళాను. మూడు గంటలు ఆలస్యం. ఆవు దక్కింది, దూడ దక్కలేదు. ఆ రైతు నన్నొక్క మాట అనలేదు. చేతులు కడుక్కోమని నీళ్ళు పోశాడు. తిట్టినా బాగుండేది. మళ్ళీ అలా జరగకూడదని వస్తే, దండగంటారా మీరు?"

అతను పైకి వచ్చాడు. మొహంలో రంగు లేదు. గోతి మీదున్న బండిని పక్కకి తీసి, ఆమె జీపుని తోలుకొచ్చి అక్కడ నిలిపాడు. "ఒక్కసారి కిందకి రండి," అన్నాడు.

ఆమె చెప్పులు విప్పి దిగింది. అతను లైటు పట్టాడు. రాయి గీసిన గాయం బంపర్ అడుగు అంచున మొదలై, లోపలికి, రేడియేటర్ దాకా పాకింది.

"రాయి ఎదురునుంచి రాలేదు. కిందనుంచి వచ్చింది. ఆ బంపర్ డెబ్భై కిలోలు. తగిలిస్తే జీపు ముక్కు ఇంకా కిందకి వంగుతుంది, ఇలాంటి రాళ్ళు ఇంకా తగులుతాయి. మీకు కావాల్సింది ఇక్కడ, రేడియేటర్, ఇంజన్ కింద, మందపాటి ఇనప రేకు. దాని ఖరీదు బంపర్‌లో పదోవంతు లేదు."

చూస్తే అంతా నిజమే. ఆమెకి అదే భరించరానిదిగా ఉంది.

"ఈ మాట మొన్ననే చెబితే నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"నిన్నండీ, మొన్న కాదు. మీరు చెప్పనిస్తేగా? అయినా తప్పు నాదే. ఎందుకని నేను అడగాల్సింది."

"సరే, రేకు సంగతి తేలింది. నా సంగతి? ఇంట్లోమనిషిని ఎప్పుడు చేశారు?"

అతను లైటు వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "మీరు నాలుగోసారి పంక్చరుకి వచ్చినప్పుడు."

"అయితే?"

"ఆ రోజు పంక్చరు లేదండీ. నీళ్ళలో పెట్టి ఎంత తిప్పినా ఒక్క బుడగ రాలేదు. గాలి ఎవరో కావాలని తీశారు. వాల్వు మూత మీ చేతిలోనే ఉంది."

ఆమె చెవులు వేడెక్కాయి. తను ఆ రోజు ఏమనుకుంటూ మూత తిప్పిందో గుర్తు చేసుకోబోయింది. ఏమీ అనుకోలేదు. చేతులు వాటంతటవి చేశాయి. మనసు మాత్రం పక్కకి తిరిగి ఆకాశం చూసింది.

"తెలిసీ పంక్చరు డబ్బులు తీసుకున్నారా! దొంగ!"

"గాలి డబ్బులేనండీ, బిల్లు చూసుకోండి."

రేకు బిగించడానికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు మధ్యాహ్నం ఆ రైతే ఫోన్ చేశాడు. రెండో ఆవుకి నొప్పులు మొదలయ్యాయట. డాక్టరు వర్క్‌షాపు ముందు జీపు ఆపింది. "ఎక్కండి. మీ రేకు పని మీరే చూద్దురుగాని."

దారంతా ఆమె ప్రశ్నలే. "అయితే మీ ఉద్దేశం ఏమిటి? మీ అమ్మగారికేం చెప్పారు?"

"ముందు రోడ్డు చూడండి," అనేవాడతను, పైన హ్యాండిల్ పట్టుకుని. "ఆ మాటలు తర్వాత."

వాగులో రాయి కింద గట్టిగా రాసుకుంది. ఇద్దరికీ ఊపిరి ఆగింది. జీపు ఆగలేదు. ఒరుసుకుంటూ, మూలుగుతూ అవతలి గట్టెక్కేసింది.

పాక ముందు రైతు ఎదురొచ్చాడు. "అప్పుడే వచ్చేశారా డాక్టరమ్మా? ఈనడానికి ఇంకా గంటన్నర పడుతుందే!"

ఆమె వెళ్ళి ఆవుని తడిమి చూసింది. దూడ సరిగ్గానే తిరిగి ఉంది. లోపల కదులుతోంది. ఆమె ఆవు మెడ మీద నుదురు ఆనించి ఒక నిమిషం అలాగే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి ఫిట్టర్ జీపు కింద తలపెట్టి రేకుని చూస్తున్నాడు.

"గీత పడింది, వంగలేదు," అన్నాడు సంబరంగా. "గంటన్నర ఏం చేద్దామండీ?"

డాక్టరుకి మళ్ళీ ఒళ్ళు మండింది.

"ఏం చేద్దామా? ఇప్పుడు నేను బండి నడపడం లేదు, ఇక్కడ రోడ్డూ లేదు. ఆ జీపు కిందనుంచి బయటికొచ్చి, నా మొహం చూసి, అడగాల్సింది అడగండి. నేను ఒప్పుకుంటానని తెలిసి కూడా ఇంత నాన్చేవాణ్ణి ఎక్కడా చూడలేదు!"