వెండి కూపేలో కూర్చునేది ఎవరు?

ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. ఇది రాయడానికి చాలా కాలం పట్టింది. కథలోని వాళ్లకు మాత్రం అంత తీరిక లేదు.

ఏజెంట్ షావలి ఆ వాయిస్ మెసేజ్ మళ్లీ విన్నాడు. ఆడగొంతు, గుసగుసగా.

"షావలి భాయ్, మామా ఆ కారులో కూర్చోని చక్రం పైకి లేపితే ఖలాస్..."

తర్వాత పళ్లెం పగిలిన చప్పుడు. ఎవరో నోరు నొక్కినట్టు ఒక మూలుగు. అంతే.

గొంతు నఫీసాది. డబుల్ ఏజెంట్. విందుల్లో ఆమె నడిచొస్తే రాయబారులు మాట మధ్యలో మరిచిపోయేవారు. 'హంస' అనే విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంది. ఈమధ్య వేషం మార్పించి కువైట్‌లో ఏదో ఇంట్లో పెట్టింది. ఏ ఇల్లో మనవాళ్లకు తెలియదు.

ఢిల్లీ నుంచి చీఫ్ భీమేశ్వరరావు బ్రీఫింగ్ ఇచ్చాడు. స్టీరింగ్ చక్రం వంగే కారు ఈ ఉదయం కువైట్‌లోని షువైఖ్‌లో జరిగే పాత కార్ల షోలో ఒక్కటే ఉంది. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, రెండు తలుపుల కూపే. 1954లో జర్మనీలో మొదలై, మొత్తం పద్నాలుగు వందలే తయారైన మోడల్. దాని అన్న రేసు కారు. సన్నని గొట్టాలతో అల్లిన ఫ్రేమ్ పక్కల బాగా ఎత్తుగా ఉండటంతో మామూలు తలుపులు కుదరలేదు. అందుకే అవి పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. మూడు లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు. ఆ ఎత్తు దాటి లోపల కూర్చోవాలంటే స్టీరింగ్‌ను కిందికి వంచాలి, కూర్చున్నాక పైకి లేపి బిగించాలి.

"ఆ బిగింపులోనే బాంబు ట్రిగ్గర్. షోకి మన ఆయిల్ బృందం నాయకుడు వస్తున్నాడు. అరవై దాటిన మనిషి. మామ అంటే ఆయనే."

"పోలీసులకు చెబుదామా సార్?"

"చెబితే ముఠావాళ్లు నఫీసాను బతకనివ్వరు."

షావలి పాలిష్ కుర్రాడి వేషం వేసుకుని హాల్లోకి వెళ్లాడు. వెండి రంగు కూపే దీపాల కింద మెరుస్తోంది. పెద్దమనిషి కారు వైపు అడుగు వేయగానే షావలి తూలినట్టు నటించి, ఆయన తెల్ల ప్యాంటు మీద పాలిష్ ఒలకబోశాడు. ఆయన 'గుడ్డివాడా!' అని తిట్టుకుంటూ బాత్‌రూమ్‌కి పోయాడు.

షావలి గోడకు ఆనుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు.

అప్పుడే వెనక నుంచి ఒక తెలుగు పనిమనిషి, చేతిలో యజమానురాలి సంచి పట్టుకుని, ఎవరినో పిలిచింది.

"మామా, నీ ఫోను ఈడ్నే ఉండాది."

కారు దగ్గరున్న ఒక కువైటీ ఆడమనిషి తిరిగి చూసి, ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపి, కూపేలోకి దిగింది.

షావలికి అప్పుడు వెలిగింది. కువైట్ ఇళ్లలో మన ఆడవాళ్లు యజమానురాలిని పిలిచే పిలుపు అది. అంటే నఫీసాను పెట్టింది పనిమనిషి వేషంలోనే. ఆమె చెప్పిన మామా మగవాడు కాదు. షో జాబితాలో పేరున్న ఈ కారు సొంతదారు, ఊరికంతా సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్ల సెక్యూరిటీ చూసే ఇంజనీరు, బదరియా.

తలుపు మూసుకుంది.

అతను పరుగెత్తాడు. ఆ తలుపు పిడి కారు ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఒక కొస నొక్కితేనే రెండో కొస బయటికి లేస్తుంది. చెమట చేతులు జారాయి. అద్దంలోంచి ఆమె చేతులు స్టీరింగ్‌ను పైకి లేపడం కనిపిస్తోంది. మళ్లీ నొక్కాడు. తలుపు రెక్క లేచింది. బిగింపు సందులో వేళ్లు దూర్చాడు.

ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఇంకే చప్పుడూ రాలేదు.

"కదలొద్దు మామా," అన్నాడు తెలుగులోనే. మాట అర్థం కాకపోయినా ఆ ముఖం చూసి ఆమె శిలలా ఉండిపోయింది. బాంబు స్క్వాడ్ వచ్చి వైర్లు కోసేదాకా అతను వేళ్లు తీయలేదు.

బదరియా ఇంటి స్టోర్‌రూమ్‌లో నఫీసా ప్రాణాలతో దొరికింది. ఆమెను కట్టేసిన ఆ ఇంటి వంటవాడు ముఠా మనిషే, దొరికిపోయి ముఠా మొత్తాన్నీ పట్టించాడు. చిట్లిన పెదవితోనే ఆమె షావలి ఉన్న ఆసుపత్రికి వచ్చింది.

"మామా అంటే మొగోడనుకుంటివా భాయ్? మన రాయచోటిలో ఏ ఆడదాన్ని అడిగినా చెప్తాదే."

"ఢిల్లీలో అడిగినాం," అన్నాడు షావలి.

పక్కనే నిలబడ్డ బదరియా అతని కట్టు కట్టిన చేతిని చూసి, నఫీసాతో అరబ్బీలో ఏదో చెప్పింది. నఫీసా నవ్వు ఆపుకుంటూ తెలుగు చేసింది.

"నీకు డ్రైవింగ్ వస్తాదా అంటాంది. ఈడ ఉండే పర్మిట్టు, ఇఖామా, మామానే కొట్టిస్తాదంట."

— గుర్రాల మద్దమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది లక్కిరెడ్డిపల్లెలో.