రెండు మిల్లీలీటర్ల అనుమానం

"జాడీలో నేను పోసిన నీళ్లు సరిగ్గా యాభై మిల్లీలీటర్లు" అన్నారు దేవేంద్రప్ప సారు. "నందినీ, నువ్వు చెప్పింది యాభై రెండు. తేడా రెండు. దాన్ని యాభైతో భాగించి, వందతో హెచ్చించు."

"నాలుగు శాతం సార్."

"అదే నీ పర్సెంట్ ఎర్రర్. యశోదకు సున్నా. ఆదోని సైన్స్ ఫెయిర్‌కు యశోద పోతుంది."

నందిని ముఖం మాడిపోయింది. ల్యాబ్‌లో ఉన్నది ఒకటే కొలజాడీ. తనకంటే ముందు చూసింది యశోదే. ఆ పిల్ల హాలహర్వి నుంచి ఈ మధ్యే ఎమ్మిగనూరు వచ్చి ఎనిమిదో తరగతిలో చేరింది. ఆమె చెయ్యి తడిగా ఉండటం నందిని గమనించింది.

"తను సూసినాక జాడీలో నీళ్లు పోసింటాది" అని నందిని తన స్నేహితురాలు అంజలి చెవిలో చెప్పింది. ఆ మాట బెంచీలన్నీ తిరిగింది. యశోద పక్కనున్న పిల్ల దూరంగా జరిగింది.

"నేను పొయ్యలేదు!" అంది యశోద.

"మరి చెయ్యి ఎందుకు తడిసింది?" అని నందిని అడిగింది.

"చేతులు కడుక్కొని వచ్చినా."

నందిని నమ్మలేదు. యశోదను జాడీ దగ్గరికి పిలిచింది. తను నిలబడి చూసింది. "ఇప్పుడు కూడా యాభై రెండే!"

యశోద పొట్టిది. ఆమె కళ్లు సరిగ్గా నీళ్ల ఎత్తుకే వచ్చాయి. "యాభైనే ఉంది కదా" అంది.

నందిని ఆమె చేతుల మీదనుంచి చూపు తిప్పలేదు. యశోద జాడీని ముట్టుకోలేదు.

"ఈడ సూడు..." అంటూ గీత చూపించడానికి నందిని వంగింది. మాట ఆగిపోయింది. నీళ్లు యాభై దగ్గరున్నాయి! లేచి చూసింది. యాభై రెండు. మళ్లీ వంగింది. యాభై.

"పైనుంచి చూస్తే అంతే" అన్నారు వెనక నిలబడిన సారు. "కన్ను నీళ్ల మట్టానికి సమానంగా ఉండాల."

"ఏమైంది నందినీ? పోసింది కదా?" అని అంజలి అడిగింది.

నందిని అందరికీ వినపడేలా చెప్పింది. "లేదు. నేనే పైనుంచి సూసినా. యశోద ఏం చెయ్యలేదు."

యశోద కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం బడి వదిలారు. గేటు దగ్గర ఇద్దరు ఏడో తరగతి పిల్లలు గుసగుసలాడుతున్నారు. "ఆ కొత్త పిల్ల ల్యాబ్‌లో మోసం చేసిందంట!"

నందిని గేటు దాటబోయి ఆగింది. వాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం. మీరు ఇంకా ఎవరికి సెప్పినారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మా క్లాసు రూపకు."

"ఆ పిల్ల యాడుంది? సూపించండి, పోదాం."