కెజియా వదిలేసిన నాలుగు లెక్కలు

"ఎవరు నేర్పారమ్మా నీకీ లెక్క?" అంది మిస్ బాప్టిస్ట్.

అనీలా తల దించుకుని నిలబడింది. మిస్ చేతిలో అనీలా మాక్ టెస్టు పేపరుంది. దాని నిండా ఎర్ర ఇంటూలే.

"సగానికి మూడో వంతు కలపమంటే, పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశావు. ఐదింట రెండు వంతులు వచ్చిందన్నావు. అంటే నా దగ్గర సగం రోటీ ఉంది, దాని పక్కన ఇంకో ముక్క తెచ్చి పెట్టావు, తీరా చూస్తే సగం కూడా లేదు! మధ్యలో ఎవరు తినేశారే?"

క్లాసు గొల్లుమంది.

"అనీలాయే తినేసుంటుంది మిస్!" అన్నాడు వెనక బల్ల మీంచి కైరాన్.

కెజియాకు నవ్వు రాలేదు. ఆ లెక్క అలా చెయ్యమని అనీలాకు నేర్పింది ఆమే.

"నాలుగు లెక్కలూ ఇలాగే చేశావు. చెప్పు, ఎవరు నేర్పారు?" మిస్ మళ్లీ అడిగింది.

అనీలా ఒక్కసారి కెజియా వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

"ఎవరూ నేర్పలేదు మిస్. నేనే అలా అనుకున్నాను."

కెజియా లేచి నిలబడి ఒక్క మాట అనాలి, అంతే. కానీ లేవలేదు. ఆమె పేపరు కూడా బల్ల మీదే ఉంది. అందులో ఆ నాలుగు లెక్కల దగ్గరా ఖాళీ. తనకే నమ్మకం లేదు కాబట్టి తాను వదిలేసింది. పాపం, అనీలా నమ్మి చేసింది.

అనీలాది కెజియా పక్కిల్లే. పోయినేడు హైస్కూలు ప్రవేశానికి రాసే ఎస్.ఇ.ఎ. పరీక్ష తప్పి, ఐదో స్టాండర్డు మళ్లీ చదువుతోంది. హైస్కూలుకు వెళ్లాలంటే ఈసారి పాసవ్వాలి. మూడోసారి రాయనివ్వరు. పరీక్షకింకా ఎనిమిది వారాలే ఉన్నాయి.

అసలీ గొడవంతా కెజియా ఇంట్లో, కుట్టుమిషను సొరుగు దగ్గర మొదలైంది.

కెజియా వాళ్లమ్మ మార్వా స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ప్రాక్టీసు పుస్తకం కొన్న రోజే చివరి పేజీల్లోని జవాబులు చింపి, మిషను సొరుగులో దాచేసింది. రోజూ సాయంత్రం కెజియా ఒక టెస్టు రాసేది. అమ్మ ఆ జవాబులు పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్సిలుతో దిద్దేది. లెక్కలు అమ్మకూ అంతంతమాత్రమే. జవాబు కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ.

ఒకరోజు కెజియాకు వందకు ముప్పై ఎనిమిది వచ్చాయి. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు.

"మా రోజుల్లో పాసైనవాళ్ల పేర్లు పేపర్లో వేసేవాళ్లు. మా అమ్మ నా పేరు కోసం ఆ కాగితం మూడుసార్లు వెతికింది" అని మాత్రం అంది. కంచం పక్కకి నెట్టి, వెళ్లి మిషను ముందు కూర్చుంది.

ఆ నెట్టేసిన కంచం చూడలేకపోయింది కెజియా. మర్నాడు అమ్మ కొట్టుకు వెళ్లగానే సొరుగు తెరిచింది. ఆ రోజు డెబ్బై ఒకటి వచ్చాయి. ఆ పై వారానికి తొంభై దాటాయి!

అమ్మ ఆనందం ఏమని చెప్పను? వీధంతా టాంటాం చేసింది. పక్కింటి ఆజీతో, అంటే అనీలా నాయనమ్మతో, "మీ పిల్లను మా ఇంటికి పంపు ఆజీ. మా కెజీ నేర్పేస్తుంది" అంది. మంచి మనసుతోనే అంది. ఆజీ కూడా మంచి మనసుతోనే సరేనంది. అనీలాను శనివారం ట్యూషన్ లెసన్లు మాన్పించేసింది.

అలా అనీలా రోజూ పుస్తకం పట్టుకుని వచ్చేది. "కెజీ, ఇదెలా చెయ్యాలే?" అనేది. కెజియా "నాకూ తెలీదే" అనబోయేది. మిషను దగ్గర అమ్మ వింటూ ఉండేది. కెజియా ఏదో ఒకటి చెప్పేసేది.

ఇవాళ బడి వదిలాక అనీలా ఆగకుండా వెళ్లిపోయింది. కెజియా ఒక్కతే ఇంటికి నడిచింది. దారిలో ఎన్నిసార్లు అనుకుందో, "ఇవాళ చెప్పేస్తాను" అని.

అమ్మ పేపరు తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఈ నాలుగూ వదిలేశావేం తల్లీ? ఇంట్లో ఇవన్నీ రైటే కదా?"

"ఇంట్లో నేను చెయ్యలేదమ్మా" అంది కెజియా. "సొరుగులోంచి చూసి రాశాను. అన్నీ. అనీలాకు కూడా తప్పు నేర్పాను. మిస్ అందరి ముందూ దాన్ని నవ్వులపాలు చేసింది. అది నా పేరు చెప్పలేదు."

అమ్మ పేపరు బల్ల మీద పెట్టింది. మిషను మీది నీలం స్కర్టును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"మార్కులు తక్కువొచ్చాయని నిన్నెప్పుడైనా కొట్టానా?"

"లేదు. కానీ ఆ రోజు నువ్వు తినలేదు."

అమ్మ స్కర్టు పక్కకి పెట్టేసింది. "తప్పు నాది కూడా ఉందే" అంది మెల్లగా. "కానీ ఇప్పుడు మనమిద్దరం ఏడుస్తూ కూర్చుంటే ఆ పిల్లకేం ఒరుగుతుంది? పద, పక్కింటికి."

ఆజీ వరండాలో కందికాయలు ఒలుస్తోంది. కెజియా చెబుతుంటే ఆమె చేతులు ఆగిపోయాయి.

"లెసన్ల సారు దగ్గర దాని సీటు వేరేవాళ్లకు ఇచ్చేశారమ్మా" అంది చివరికి. "దీని మార్కులు చూసి ఇందాకే ఫోన్ చేసి అడిగాను. ఇక ఖాళీ లేదట."

కెజియాకు ఆ మాట తెలీదు.

గుమ్మంలో అనీలా నిలబడి ఉంది. అంతా విన్నది.

"'నాకు తెలీదు' అని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదే!" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనైనా ఇంకెవర్నో అడుక్కునేదాన్ని."

"సారీ అనీలా."

"మిస్ అడిగినప్పుడు లేవలేదేం?"

అనీలా లోపలికి వెళ్లి తలుపు వేసేసుకుంది.

మర్నాడు ఉదయం గంట కొట్టకముందే కెజియా మిస్ దగ్గరకు వెళ్లి అంతా చెప్పింది. మిస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"నేనూ అలా నవ్వించకుండా ఉండాల్సింది" అంది. అనీలాను బయటికి పిలిచి ఏదో మాట్లాడింది. తిరిగొచ్చినప్పుడు అనీలా కెజియా పక్కన కూర్చోలేదు. ముందు వరసకు వెళ్లిపోయింది.

ఆ వారమంతా సాయంత్రాలు అనీలా రాలేదు. కెజియా ఒక్కతే టెస్టు రాసేది. జవాబుల కాగితాలు ఇప్పుడు బల్ల మీదే ఉండేవి, ఆమె వాటిని ముట్టుకునేది కాదు. నలభై ఒకటి, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు వచ్చాయి. అమ్మ ఇంటూలు పెట్టి, ఆమె పక్కన కూర్చుని భోంచేసేది.

శుక్రవారం మిస్ బోర్డు మీద సగానికి మూడో వంతు కలిపే ఆ భిన్నాల లెక్కే చేసింది. కింది అంకెలు వేరుగా ఉంటే ముందు వాటిని ఒకటి చెయ్యాలంది. చకచకా నాలుగు వరసలు రాసి, వెనక్కి తిరిగింది.

"అందరికీ అర్థమైందా?"

"అయింది మిస్!" క్లాసంతా ఒకే గొంతుతో అరిచింది.

కెజియాకు అర్థం కాలేదు. రెండో వరస దగ్గరే ఆగిపోయింది. అందరూ తన వైపే చూస్తారు. కైరాన్ ఏదో ఒకటి అనకుండా ఉండడు.

చెయ్యెత్తింది.

"నాకు కాలేదు మిస్. ఆరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీలేదు."

"ఓహో, తొంభై మార్కుల మేడమ్!" అన్నాడు కైరాన్. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. కెజియా చెయ్యి దించలేదు.

ముందు వరసలో అనీలా కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు, కెజియా వైపు చూడలేదు. కాసేపటికి ఆమె చెయ్యి కూడా లేచింది.

"నాకూ కాలేదు మిస్" అంది.

మిస్ బోర్డంతా తుడిచేసి, మళ్లీ మొదటి వరస నుంచి మొదలుపెట్టింది.