చివర మళ్ళీ మొదటి బిందువు

వర్నా రేవు దగ్గరి బస్టాపులో, ఉదయం ఎనిమిదింటికి, ప్రోగ్రామర్ లూబెన్‌ను కాల్చి చంపారు. అతని జేబులో ఒక ప్రింటవుట్ దొరికింది. నాలుగు వరుసల అంకెలు.

"సముద్రంలో పాత పేలుడు మైన్లున్న చోటిది," అంది గూఢచారి విభాగం చీఫ్ గెంచెవా. "ఓడల కంప్యూటర్లో నాలుగు మూలల జాబితాగా పెట్టాం. మూలల్ని గడియారం ముల్లుకు ఎదురుగా రాస్తే నిషేధం. ముల్లు వెంట రాస్తే అదే ఆకారం ఓడదారి. దాన్నెవరో ముట్టుకున్నారు. పదింటికల్లా మూడువందల మందితో ఫెర్రీ అక్కడుంటుంది. వెళ్ళు, కలోయాన్. ద్రోహి లోపలివాడే. జాగ్రత్త."

కాఫీ మెషిన్ బాగుచేసేవాడి వేషంలో కలోయాన్ కంట్రోల్ రూములో అడుగుపెట్టాడు. అక్కడ మారుపేరుతో పనిచేస్తున్న ఏజెంట్ జోర్నిత్సా ఎర్ర కోటులో మెరిసిపోతోంది. ఈ విద్య అతనికి నేర్పింది ఆమే.

"ఇదేం వేషం, కలో! కాఫీ పోయిందంటే ఇక్కడ తిరుగుబాటే."

"ముందు ఆ ఫైలు చూపించు, జోరా."

ప్రింటవుట్‌నూ తెరనూ పోల్చాడు. అవే నాలుగు మూలలు, ఒక్క అంకె తేడా లేదు. ఊపిరి పీల్చుకోబోయి ఆగాడు. తెర మీద అయిదో వరుస ఉంది. మొదటి మూలే మళ్ళీ. యంత్రానికది అక్కర్లేదు. ఆకారాన్ని తెరిచి వదలకూడదంటూ అలా రాసే మనిషి ఒక్కతే.

మూలలు మళ్ళీ చదివాడు. ప్రింటవుట్‌లో ముల్లుకు ఎదురుగా ఉన్నవి, తెర మీద ముల్లు వెంటే తిరుగుతున్నాయి.

పోయిన శుక్రవారం జోరానే ఈ ఫైలు తెచ్చి, "నేను చూశాలే, సంతకం పెట్టు," అంది. పెట్టాడు.

"నువ్వా?"

"లూబెన్ కూడా ఇలాగే అడిగాడు." ఆమె చేతిలోని లిప్‌స్టిక్‌కు సన్నటి తుపాకీ గొట్టం ఉంది. "నువ్వు అంకెలే చూస్తావనుకున్నా."

"నేర్పింది నువ్వేగా."

కలోయాన్ కాఫీ మెషిన్ ఆవిరి మర తిప్పి ఆమె చేతి మీదికి వదిలాడు. ఆమె కేక పెట్టింది. గుండు పైకప్పుకు తగిలింది. కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నారు.

తొమ్మిదీ యాభై తొమ్మిది. వరుసల్ని తలకిందులు చేసి పంపాడు. తెర మీద ఫెర్రీ చుక్క అంచుదాకా వెళ్ళి, మెల్లగా పక్కకు తిరిగింది.

"చివరి వరుస ఉంచావా?" తలుపు దగ్గర ఆమె అడిగింది.

"తీసేశా."

సాయంత్రం రిపోర్టులో ఒక ప్రశ్న: నిందితురాలిని నమ్మిన సందర్భాలు వరుసగా రాయండి. శిక్షణ మొదటిరోజు ఆమె తన జున్ను బనిత్సా రొట్టె సగం విరిచి అతని చేతిలో పెట్టడం మొదటిది. మరో మూడు రాశాడు. కలం మూయబోయి, ఆమె నేర్పినట్టే, చివర మొదటిది మళ్ళీ రాశాడు.