జిల్లా ఎడిషన్

“పేపర్లో గొడుగు కనబడితే పరదా వెయ్యి. అంతే నీ మిషన్,” అన్నాడు చీఫ్, ఏజెంట్‌తో. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని పెదనాన్న అంటారు.

ఎదుటి మేడలో దాక్కున్న ఇంజనీరును చంపడానికి ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. కిల్లర్ దిగినట్టు తెలియగానే డిపార్ట్‌మెంట్ లోకల్ డైలీ క్లాసిఫైడ్స్‌లో ‘నల్ల గొడుగు పోయినది’ అని ప్రకటన వేస్తుంది. ఆ ఉదయం ఇంజనీరు గడప దాటకూడదు. ఫోన్లు ముఠా వింటోంది కనుక ఫోన్ నిషిద్ధం.

“ఇంజనీరూ పేపరు చూస్తాడు. ఆయన మరిచినా నీ ఎర్ర పరదా చూసి ఆగిపోతాడు. ఇద్దర్లో ఒకరి కంటపడితే చాలు.”

“ఇదేం పని పెదనాన్నా, ముసలాళ్ల పని!”

“విరిగిన కాలితో డాన్సు చేస్తావేంట్రా?”

కాలికి తొడదాకా కట్టు. నాలుగో అంతస్తు గది. తెరుచుకోని బుల్లెట్ ప్రూఫ్ కిటికీ. ఏజెంట్‌కు మిగిలిన లోకం ఇద్దరే: కింద ఉండే ఇంటి ఓనరమ్మ, రోజూ భోజనం తెచ్చే నెమలి. నెమలి అన్నది అతని తోటి ఏజెంట్ మారుపేరు. ఆమె మెట్లెక్కుతున్న చప్పుడుకే అతను దువ్వెన వెతుక్కునేవాడు.

వారం కిందట ఆమె ఒక ఈ-రీడర్ తెచ్చింది.

“దుప్పటంతా సిరా మరకలే బాస్. ఇక ఇందులో చదవండి. తెల్లారేసరికి పేపరు అందులోకే వచ్చేస్తుంది. ఇంజనీరుగారికీ ఒకటిచ్చా. ఆయనైతే బాత్రూంలోకి కూడా తీసుకెళ్తున్నారట!”

అదే పత్రిక, అదే మొదటి పేజీ. క్లాసిఫైడ్స్‌లో అద్దె ఇళ్లూ, పాత బళ్లూ, తప్పిపోయిన కుక్కలూ. గొడుగు లేదు. ఆ వీధుల పేర్లేవీ తనకు తెలిసినవి కావని అతని మనసు రెండోరోజే గమనించింది. అతను గమనించలేదు. గమనిస్తే ఆమెను అడగాలి. అడిగితే ఆమె నవ్వు ఎలా మారుతుందో చూడాలి. వేళ్లకు సిరా అంటకపోవడమే సుఖమనుకుని ఊరుకున్నాడు.

ఆ ఉదయం ఎదుటి గేటు ముందు ఆఫీసు కారు ఆగేసరికి ఓనరమ్మ రొప్పుతూ పైకొచ్చింది.

“నీళ్లు పట్టుకున్నావా నాయనా? ఇవాళ మన వీధికి నీళ్లు బంద్.”

“ఎవరన్నారు?”

“పేపర్లో వేశాడుగా!”

“పేపరంతా చదివానండీ. ఎక్కడా లేదే.”

“కళ్లున్నది దేనికో! ఇదిగో.” చంకలోని పేపరు అతని ఒళ్లో పడేసింది.

మొదటి పేజీ ఒకటే. మూలన మాత్రం ‘సిటీ ఎడిషన్’ అని ఉంది. ఈ-రీడర్‌లో అదే మూల చూశాడు. ‘జిల్లా ఎడిషన్’. గబగబా పేపరు తిరగేశాడు. నీళ్ల ప్రకటన కిందే నల్ల గొడుగు.

చెయ్యి పరదా కోసం వెళ్లింది. కడ్డీ బోసిగా ఉంది. ఉతికిస్తానని నిన్నే నెమలి తీసుకెళ్లింది.

“అమ్మా, కిందికి పరిగెత్తండి! ఎదుటాయన్ని కారెక్కనివ్వకండి!”

“ఎక్కడానికే ప్రాణం పోయింది, పరుగా!” అంటూనే, అతని ముఖం చూసి ఆమె వెనుదిరిగింది. ఒక్కో మెట్టుకూ ఒక్కో నిట్టూర్పు.

కారు డ్రైవరు దిగి, వెనక్కి చూడకుండా వీధి మొదటికి నడిచాడు. అక్కడ నల్ల కళ్లద్దాలతో నెమలి. కారులో టైమ్ బాంబు! ఇంజనీరు గడియారంలాంటి మనిషి. ఆ క్రమశిక్షణ మీదే ముహూర్తం పెట్టి ఉంటారు.

ఏజెంట్ అరిచాడు. పిడికిళ్లతో బాదాడు. తూటాలు రాకుండా పెట్టిన అద్దం అతని గొంతును గడప దాటనివ్వలేదు. ఎదుటి తలుపు కేసి చూస్తూ కూర్చోవడం తప్ప చెయ్యగలిగింది లేదు.

తలుపు తెరుచుకోలేదు.

కారు పేలింది. లోపల ఎవరూ లేరు. ఓనరమ్మ ఇంకా మెట్ల మీదే ఉంది. పొగ తగ్గేసరికి ట్రాఫిక్ పోలీసులు డ్రైవర్ని పట్టుకుని ఉన్నారు. నెమలి ఒక్కసారి అతని కిటికీవైపు తలెత్తి, గుంపులో కలిసిపోయింది.

ఎదుటి బాల్కనీలోకి ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు. నడుముకు తువ్వాలు, తలనిండా సబ్బు నురగ, చేతిలో ఈ-రీడర్. కారుకేసి ఇంకా చూడనే లేదు. దాన్ని ఊపుతూ వీధిమీద కేకలేస్తున్నాడు. పెదవులు చదవడం డిపార్ట్‌మెంట్ నేర్పిన విద్య.

“నీళ్లాపుతున్నామని పేపర్లో వెయ్యక్కర్లేదటయ్యా?”

“వేశారండీ,” అన్నాడు ఏజెంట్, అద్దంతో. “సిటీ ఎడిషన్లో.”