కార్డులో లేని కథ

శనివారం మధ్యాహ్నం స్కూల్లో క్లాసులు లేవు. టీచర్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చున్నారు. మోకాళ్ళు బల్లకి తగులుతుంటే పీటీ సార్ పక్కకి తిరిగి కూర్చున్నాడు. లెక్కల సార్‌కి ఆవలింతలు ఆగడం లేదు. పాపం, పొద్దుటి నుంచి శిక్షణ మరి! పిల్లలకి దిగులేసినా భయమేసినా టీచర్లు ఎలా గమనించాలి, ఎలా వినాలి, ఏం చేయాలి, అన్నీ నేర్పే శిక్షణ.

నేర్పడానికి వచ్చినావిడని అందరూ డాక్టరమ్మ అంటున్నారు. ఆవిడ సూదులు పొడిచే డాక్టరు కాదు. మనసు సంగతులు చూసే డాక్టరు.

"వినడం గురించి పొద్దుటి నుంచి చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు మీరు విని చూపించాలి," అంది డాక్టరమ్మ.

అందుకే నాటకాల క్లబ్బులోంచి నలుగురు పిల్లల్ని పిలిపించారు. ఒక్కొక్కరికీ ఒక కార్డు ఇచ్చారు. కార్డు మీద ఏదో ఒక కష్టం రాసి ఉంటుంది. అది తన కష్టమే అన్నట్టు పిల్లలు చెప్పాలి. ఎదురుగా కూర్చున్న టీచర్ వినాలి.

"ఒకే ఒక్క నియమం," అంది డాక్టరమ్మ పిల్లల వైపు తిరిగి. "కార్డులో ఉన్నదే చెప్పాలి. మీ సొంత సంగతులు, మీకు తెలిసినవాళ్ళ సంగతులు ఇక్కడ వద్దు. సరేనా?"

"సరే మేడమ్!" అందరికంటే గట్టిగా అరిచింది వసపిట్ట.

వసపిట్ట ఏడో తరగతి. అసలు పేరు అటెండెన్స్ రిజిస్టర్లో భద్రంగా ఉంది. ఇంట్లో అమ్మమ్మ పెట్టిన ఈ పేరు మాత్రం ఆమె వెంటే స్కూలుదాకా వచ్చేసింది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరింట్లో పిల్లి ఈనినా, ఎవరి చెల్లెలికి పన్ను ఊడినా, క్లాసుకి ముందు తెలిసేది ఆమె వల్లే. చెడ్డ ఉద్దేశం అస్సలు లేదు. తను చెబుతుంటే అందరూ తనవైపే చూస్తారే, ఆ చూపులంటే ఆమెకి ప్రాణం.

ఆమె వంతు వచ్చింది. ఎదురుగా తమ క్లాస్ టీచర్ కూర్చుంది. కార్డు మీద ఇలా ఉంది: 'నాకు మార్కులు తగ్గాయి. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది.'

"టీచర్, నాకు మార్కులు తగ్గాయి," అని మొదలుపెట్టిందో లేదో, వెనక లెక్కల సార్ దవడలు విరిగేలా ఆవలించాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

వసపిట్టకి ఎక్కడో చురుక్కుమంది. తను చెబుతుంటే ఆవలింతలా! కార్డు బల్ల మీద పెట్టేసింది.

"కానీ అసలు సంగతి మార్కులు కాదు టీచర్," అంది గొంతు తగ్గించి. "బెల్లు. ఫైర్ డ్రిల్ బెల్లు."

నెలకోసారి ఆ స్కూల్లో ఫైర్ డ్రిల్ ఉంటుంది. నిప్పంటుకుందన్నట్టు పెద్ద బెల్లు కొడతారు. పిల్లలందరూ వరసగా గ్రౌండులోకి వెళ్ళి నిలబడాలి. పీటీ సార్ పేర్లు పిలుస్తాడు.

"అది మోగగానే నాకు పొగ వాసన వస్తుంది. పొగ లేదని తెలుసు. అయినా వస్తుంది. పోయినేడు మా వంటింట్లో నిప్పంటుకుంది టీచర్. ఆర్పబోయి నాన్న చేతులు కాల్చుకున్నాడు. అప్పుడు మా బిల్డింగులో ఇలాంటి బెల్లే మోగింది. అందుకే డ్రిల్ రోజు నేను గ్రౌండులోకి రాను. మెట్ల కింద విరిగిన కుర్చీల గది ఉంది కదా, అందులో దాక్కుంటాను. చెవులు మూసుకుని కూర్చుంటాను."

లెక్కల సార్ నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. సైన్సు టీచర్ కళ్ళు తుడుచుకుంది. వసపిట్ట లోలోపల పొంగిపోయింది.

"మరి మొన్న నేను పేర్లు పిలిచినప్పుడు అందరూ పలికారే!" అన్నాడు పీటీ సార్ ఉండబట్టలేక.

"నా బదులు నా ఫ్రెండ్ గొంతు మార్చి ప్రెజెంట్ సార్ అంటుంది," అంది వసపిట్ట. అన్నాక నాలుక కరుచుకుంది.

డాక్టరమ్మ లేచింది. "ఇక చాలమ్మా. నాతో రా," అంటూ ఆమెని వరండాలోకి తీసుకెళ్ళింది.

"ఇది కార్డులో లేదు కదా," అంది మెల్లగా.

"లేదు మేడమ్."

"నీ సంగతేనా?"

వసపిట్ట తల అడ్డంగా ఊపింది.

"ఎవరిదో నాకు చెప్పకు. ఆ అమ్మాయి ఇక్కడ చెప్పమందా?"

"నేను పేరు చెప్పలేదుగా మేడమ్!"

"పేరొక్కటే చెప్పలేదు. మిగతావన్నీ చెప్పావు."

వసపిట్ట చేతిలో కార్డు కోసం చూసుకుంది. అది లోపల బల్ల మీదే ఉండిపోయింది.

"ఆ అమ్మాయికి సాయం కావాలి, అది నిజం," అంది డాక్టరమ్మ. "ఈ విషయం పెద్దవాళ్ళకి తెలియాలి కూడా. కానీ ముందు నువ్వు వెళ్ళి జరిగింది ఆమెకి చెప్పు. ఇంకొకరి నోటి వెంట వినకముందే చెప్పు. రేపే వెళ్ళు."

తర్వాత ఆవిడ లోపలికి వెళ్ళి, "ఈ గదిలో విన్నది ఈ గది దాటకూడదు," అని టీచర్లకి గట్టిగా చెప్పింది. తలుపు దగ్గర నిలబడి అది విన్న వసపిట్టకి కాస్త ఊపిరాడింది. గది దాటదట! ఇంక భయమెందుకు?

ఆ సంగతి ముంగిది. ముంగి అంటే వసపిట్ట పక్కన కూర్చునే పిల్ల. అడిగితే తప్ప పలకదు కాబట్టి క్లాసులో ఆ పేరు పడిపోయింది. ఆ ముంగి తనంతట తను నోరు విప్పి చెప్పిన సంగతి అదొక్కటే. అదీ వసపిట్టకి మాత్రమే.

ఆదివారం వసపిట్ట పక్కవీధిలో ఉన్న ముంగి వాళ్ళ బిల్డింగుదాకా వెళ్ళింది. రెండు మెట్లెక్కింది. అక్కడినుంచి వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది.

"ఏమే, పొద్దుటి నుంచి నోరు పెగల్లేదు. జ్వరమేమైనా తగిలిందా?" అంటూ అమ్మ కుడుతున్న చొక్కా పక్కన పెట్టి నుదురు తాకి చూసింది.

"అమ్మమ్మా, ఒకరి మాట ఇంకొకరికి చెప్పేస్తే మళ్ళీ వెనక్కి తెచ్చుకోవచ్చా?" అంది వసపిట్ట, పక్కనే కూర్చున్న అమ్మమ్మ వైపు తిరిగి.

"పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. ఇంకెక్కడి వెనక్కి!" అంది అమ్మమ్మ. కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఇంతకీ ఏం దాటించావే?" అంది.

"ఏమీ లేదు," అంది వసపిట్ట. ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసింది.

సోమవారం స్కూలు స్కూల్లా లేదు. శిక్షణ అయిందేమో, టీచర్లందరూ ఒక్కసారే మంచివాళ్ళయిపోయారు. లెక్కల సార్ కనబడిన ప్రతివాణ్ణీ ఆపి "మనసెలా ఉందిరా?" అని అడుగుతున్నాడు. హోంవర్కు చేయని ఇద్దరు "బాగాలేదు సార్" అని చెప్పి హాయిగా తప్పించుకున్నారు.

మూడో పీరియడు పీటీ. సార్ అందర్నీ గ్రౌండులో కూర్చోబెట్టాడు.

"గురువారం ఫైర్ డ్రిల్ ఉంది," అన్నాడు తన పెద్ద గొంతుతో. "బెల్లంటే భయపడేవాళ్ళు ఎవరైనా ఉంటే సిగ్గుపడకండి. నాకొచ్చి చెప్పండి. అంతేగానీ మెట్ల కింద గదిలో దాక్కోవద్దు. ఆ గదికి తాళం వేయించాను."

మంచి మాటే. చెప్పిన తీరే బాగాలేదు.

"మెట్ల కింద దాక్కున్నారా? ఎవర్రా అది?" అన్నాడు వెనక కూర్చున్న కుర్రాడు. ప్రతిదీ ఆరా తీస్తాడని వాణ్ణి అందరూ సీఐడీ అంటారు. పిల్లలు గొల్లున నవ్వారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ముంగి మాత్రం అటూ ఇటూ చూడలేదు. వసపిట్టనే చూసింది. వసపిట్ట తల దించుకుంది.

క్లాసుకి రాగానే ముంగి తన బ్యాగు తీసుకుంది.

"నీ ఒక్కదానికే చెప్పాను," అంది. అంతే. వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుంది.

మంగళవారం మాటల్లేవు. బుధవారమూ లేవు. వసపిట్టకి పక్కన ఖాళీ బెంచీ చూస్తే ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండును, తిట్టనైనా తిట్టదే!

బుధవారం లంచ్ బెల్లయ్యాక వసపిట్ట నీళ్ళకని వెళ్ళింది. సైన్సు ల్యాబు వెనక, పాత సామాన్ల గది దగ్గర ముంగి ఒంటరిగా నిలబడి ఉంది. తలుపు గడియ తీసి చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని చూసింది. మళ్ళీ బయటికొచ్చి చేతులు దులుపుకుంది.

వసపిట్టకి విషయం అర్థమైంది. రేపు ముంగి ఇందులో దాక్కుంటుంది. మెట్ల కింద గదైతే ఇప్పుడు టీచర్లకి తెలుసు. ఈ గది సంగతి వాళ్ళెవ్వరికీ తెలియదు. నిజంగానే నిప్పంటుకుంటే?

ఆమె తిన్నగా వెళ్ళి ముంగి ఎదురుగా నిలబడింది.

"శనివారం టీచర్లందరి ముందు చెప్పేశాను," అంది. "పేరు చెప్పలేదు. కానీ అన్నీ చెప్పాను. వాళ్ళు నావైపు చూడాలని చెప్పాను. తప్పు నాదే."

"తెలుసు," అంది ముంగి.

"ఆదివారం మీ మెట్లదాకా వచ్చి భయమేసి వెళ్ళిపోయాను."

ముంగి చేతులకంటిన దుమ్ము మళ్ళీ దులుపుకుంది.

"రేపు నీ బదులు ప్రెజెంట్ అనను."

ఆ మాటకి ముంగి తలెత్తింది. "అనకపోతే నేను దొరికిపోతాను."

"అంటే నువ్వు గ్రౌండులో ఉన్నావనుకుంటారు. నువ్వేమో లోపల ఉంటావు. నిజంగా మంటలొస్తే నీకోసం ఎవరూ రారు. ఎందుకంటే నేనే నువ్వున్నావని చెప్పేశాను కదా!" వసపిట్టకి ఏడుపు ఆగలేదు. "నాకు భయమేస్తోందే. టీచర్‌కి చెబుదాం. నువ్వే చెప్పు. నేను నోరెత్తను, ఒట్టు. పక్కన ఉండమంటే ఉంటాను. బయట నిలబడమంటే నిలబడతాను."

ముంగి ఆ తలుపు గడియ బిగించింది.

"బయట నిలబడు," అంది చివరికి.

స్టాఫ్‌రూమ్‌లో క్లాస్ టీచర్ పేపర్లు దిద్దుతోంది. ముంగిని చూడగానే పెన్ను మూసి, పేపర్లు పక్కకి జరిపి, కుర్చీ లాగి దగ్గరగా వేసింది. ఏం జరిగిందని అడగలేదు. "కూర్చో అమ్మా. తొందరేం లేదు," అంది.

వసపిట్ట తలుపు బయట నిలబడింది. లోపలి మాటలు సన్నగా వినబడుతున్నాయి. కాస్త చెవి ఒగ్గితే అన్నీ వినబడతాయి. ఆమె చెవులు వాటంతట అవే అటు తిరిగిపోతున్నాయి. తన మీద తనకే నమ్మకం లేక, వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కడైతే కుళాయి చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

కాసేపటికి పీటీ సార్‌ని లోపలికి పిలిచారు. వెళ్ళేటప్పుడు దర్జాగా వెళ్ళిన సార్, బయటికొచ్చేటప్పుడు తల గోక్కుంటూ వచ్చాడు. లోపల ఎవరు ఏమన్నారో వసపిట్టకి తెలియదు. ముంగి చెప్పలేదు, ఆమె అడగలేదు.

గురువారం రెండో పీరియడు మధ్యలో క్లాస్ టీచర్ వచ్చి ముంగి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కలిసి మెట్లు దిగి వెళ్ళారు. మరో అయిదు నిమిషాలకి బెల్లు మోగింది.

పిల్లలు వరసగా గ్రౌండులోకి వచ్చేసరికి ముంగి అక్కడే ఉంది. స్కూలు గోడకి దూరంగా, కంచె పక్కన నిలబడి ఉంది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. టీచర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంచింది.

బెల్లు ఆగింది. పీటీ సార్ పేర్లు పిలిచాడు. ముంగి పేరు వచ్చినప్పుడు వసపిట్ట పెదవులు బిగబట్టుకుంది. ఒక్క క్షణం ఎవరూ పలకలేదు.

"ప్రెజెంట్ సార్," అంది ముంగి. గొంతు చిన్నదే, కానీ అది ముంగి గొంతే. సార్ పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాడు.

సీఐడీ ఊరుకుంటాడా? మెల్లగా వసపిట్ట పక్కకి చేరాడు.

"ఏంటి సంగతి? ఆ అమ్మాయి మనకంటే ముందే ఎలా వచ్చింది? టీచర్ చెవిలో ఏం చెప్పింది? నీకు తెలిసే ఉంటుంది. చెప్పవా, ప్లీజ్!"

అటునుంచి నలుగురు, ఇటునుంచి ముగ్గురు తలలు తిప్పారు. అందరి చూపులూ వసపిట్ట మీదే. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

"నన్నెందుకు అడుగుతావు? అక్కడే ఉందిగా, వెళ్ళి అడుగు," అంది.

వాడు నిజంగానే వెళ్ళి అడిగాడు. ముంగి టీచర్ మొహంలోకి చూసింది. టీచర్ ఆమె భుజం మీది చెయ్యి తీయలేదు.

"నాకు ఆ బెల్లంటే భయం," అంది ముంగి. "ఒకసారి మా ఇంట్లో నిప్పంటుకుంది."

"ఓహో," అన్నాడు సీఐడీ. కొంచెం ఆలోచించి, "నాకు లిఫ్టంటే భయం. అయిదు అంతస్తులూ మెట్లెక్కే పోతాను. ఎవరికీ చెప్పకు," అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వసపిట్ట వైపు తిరిగాడు. "అయితే నీకు ఇదంతా ముందే తెలుసా? తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదా? నువ్వా?"

అవునంటే సరిపోయేది. ముంగి వింటోంది.

"చెప్పాను, ఒకసారి," అంది వసపిట్ట. "చెప్పకూడని చోట చెప్పాను."

"ఎక్కడ? ఎవరితో? ఏమని?"

వరస కదిలింది. దారి పొడవునా వాడు అడుగుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. వాడు విసిగిపోయి ముందుకెళ్ళాక, వెనక నుంచి ముంగి గబగబా నడిచొచ్చి ఆమె పక్కన చేరింది.