హమీద్ ఓడకేసిన గరిగె

పాలమూరు బస్టాండు ఎన్క గల్లీల జాఫర్ నెట్ సెంటర్ ఉండె. మూడు కంప్యూటర్లు, ఒక కూలర్. తొంభైతొమ్మిది ఎండకాలం. పొద్దు వాలుతుంటే సిద్దయ్య వచ్చి మూల కంప్యూటర్ ముంగట కూసున్నడు.

"ఏందిర సిద్దిగా, కాలేజి ఇడిసిపెట్టి ఆకాశంల తిరుగుతున్నవా?" అన్నడు జాఫర్.

"నీ కూలర్ కన్న ఆకాశమే సల్లగుంటది భాయ్."

జాఫర్ నవ్వుకుంట శెటర్ సగం దించి అసర్ నమాజుకు పోయిండు.

సిద్దయ్య ఆడుకునేతందుకు రాలే. హమీద్ కోసం వచ్చిండు.

నెట్ల ఆడే ఓడల ఆట వానికి నేర్పిందే దోస్తు హమీద్. తెర మీద బొమ్మలుండవు, ఉత్త అచ్చరాలే. దేశదేశాల పోరగాండ్లు చుక్కల నడుమ తలొక ఓడ నడుపుతరు. హమీద్ రోజూ తన ఓడ డైరీల నాలుగు ముక్కలు రాసేటోడు. నెల కింద ఊరవతల బాయిల పడి సచ్చిపోయిండు. గప్పటి సంది ఆ ఓడ చీకట్ల ఆగిపోయి ఉంది. వాని తల్లి హుస్సేన్ బీ సిద్దయ్య కనవడ్డప్పుడల్ల చెయ్యి పట్టుకొని ఒకటే అడుగుతది:

"జారిండా బేటా... దుంకిండా?"

డైరీల ఏమన్న రాసిండేమో. అది సదవాలంటే ఓడను పైకి గుంజాలె.

ఆటల ఉన్న దుకాణం తెరిసిండు. కట్టరుంది. ఓడను ముక్కలు కోస్తది, డైరీ పోతది. అయస్కాంతముంది. దగ్గరికి పోతెనే పట్టుతది, సిద్దయ్య ఓడల అంత నూనె లేదు. ఆఖరుకు, పొడుగు తాడుకు కట్టిన కొక్కేల గుత్తి.

సదవంగనే నవ్వొచ్చింది. అచ్చం వాళ్లింట్ల ఉన్న పాతాళగరిగె లెక్కనే. బాయిల పడ్డ బిందెలు, బొక్కెనలు దాంతోనే తీస్తరు. హమీద్‌ను తీసింది గూడ దాంతోనే. ఎవలన్న అడుగుతే వాళ్లవ్వ ఉప్పలమ్మ ఉట్టిగ ఇయ్యది. తీస్కపోయెటోళ్లు చెంబో గిన్నో ఇడిసిపెట్టాలె. "జాగ ఖాళీగుంటే ఇంకేందో వచ్చి కూసుంటది" అంటది.

గుత్తి మీద నొక్కిండు. తెర మీద ఇంగ్లీషుల ఒక ప్రశ్న వచ్చింది.

దీని జాగల ఏం ఇడిసి పోతున్నవ్?

సిద్దయ్య చెయ్యి ఆగింది. ఉత్త ఆటే గదా అనుకున్నడు. "ఏం లేదు" అని కొట్టిండు.

తాడు దిగుతాంది. నూరు గజాలు... మున్నూరు... ఎయ్యి...

కరెంటు పోయింది. కూలర్ ఆగింది. బ్యాటరీ మీద గా ఒక్క కంప్యూటరే వెలుగుతాంది. సగం మూసిన అర్రల పాచి నీళ్ల వాసన లేసింది. కూలర్ల నీళ్లది కాదు. పాత బాయిది.

తాడు బిగిసింది.

సిద్దయ్య కూసున్న కుర్చీ... జానెడు ముంగటికి జరిగింది.

పండ్లు బిగవట్టి, గుంజే మీట నొక్కుకుంట పోయిండు. ఓడ వచ్చింది. డైరీ తెరుసుకుంది. కడపటి పేజీల హమీద్ మాటలే, ఇంగ్లీషు అచ్చరాలల్ల తెలుగు.

నేను జారలే. దుంకలే. కింద నుంచి గుంజిండ్రు.

తారీకు చూసిండు. హమీద్‌ను మట్టి చేసిన తెల్లారి తారీకు.

చూస్తుండంగనే కింద ఇంకో వరుస... ఒక్కొక్క అచ్చరం... మెల్లగ...

నువ్వేం ఇడిసిపెట్టినవ్ సిద్దిగా?

శెటర్ కింద నుంచి దూరి ఉరికిండు. హుస్సేన్ బీ ఇంటి దాకా ఎక్కడా ఆగలే. ఆమె గడప మీద కూసొని బియ్యం ఏరుతాంది. ముసలిదాని కండ్లు చూసినంక నిజం నోట్లకు రాలే.

"జారిండు అమ్మీ. వాడే రాసిండు. ఒట్టు."

హుస్సేన్ బీ చేతులు రెండూ పైకెత్తి కండ్లు మూసుకుంది. శానసేపు పెదాలు ఆడినయి. నెల దినాల బరువు దిగినట్టు ఊపిరి ఇడిసింది. కండ్లు తెరిసి సిద్దయ్యను చూసింది. ఎన్క దిక్కు చూసింది. గొంతు తగ్గించింది.

"బేటా... జర లోపలికి రా. నీ అంగి గుంజుతున్నదెవలు?"

సిద్దయ్య ఎన్కకు మర్లలే. మెడ కాడ గుండీ మెల్లగ బిగుసుకుంటాంది...